ఎనభై ఏళ్ల నాటి గంటకు లెక్క చెప్పే డేటాబేస్: ఒక వాడుకరి సమీక్ష

పింఛను రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద నేను పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ల హడావుడి నడుస్తున్న రోజుల్లో, ఒక పెద్దాయన వచ్చి తన పుట్టినతేదీ మా తెర మీద 1943 జూన్ 30 అని కనబడుతోందనీ, ఆధార్‌లోనూ సర్వీసు రిజిస్టరులోనూ జూలై 1 అనే ఉందనీ, ఈ ఒక్క రోజు తేడాకు తన కాగితం వెనక్కి వచ్చిందనీ చెప్పి కౌంటరు దగ్గర కూర్చుండిపోయారు. ఆ తరంలో జూలై 1న పుట్టినవారు మన ఊళ్లలో అంతమంది ఎందుకు ఉంటారో వేరే చెప్పనక్కరలేదు; బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ అది. ఒక్కరిదే అయితే టైపింగు పొరపాటనుకుని దిద్ది పంపేవాళ్లం. కానీ వెతికి చూస్తే 1941 అక్టోబరు నుంచి 1942 మే నడుమ దాకా పుట్టినవారిదీ, మళ్లీ 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు నడుమ దాకా పుట్టినవారిదీ తేదీ సరిగ్గా ఒక రోజు వెనక్కి జరిగి ఉంది. 1942 జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పుట్టినవారికి ఏమీ కాలేదు. 1940లో పుట్టినవారికీ, 1946లో పుట్టినవారికీ కూడా ఏమీ కాలేదు.

ఆ చిక్కుముడి విప్పుకుంటూ వెళ్లి నేను చేరింది టీజెడ్, అంటే టైమ్ జోన్, డేటాబేస్ దగ్గరికి. ప్రపంచంలో ఏ ఊరి గడియారం ఏ తేదీన ఎంత ముందుకు జరిగింది, ఎప్పుడు వెనక్కి వచ్చింది అన్న లెక్కను ఊరి పేరున వరసలుగా రాసి ఉంచిన ఫైళ్ల మూట ఇది. 1980ల మధ్యలో అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు పాల్ ఎగర్ట్ దీని బాగోగులు చూస్తున్నారు. 2011 నుంచి ఇది, ఇంటర్నెట్ చిరునామాల లెక్కలు చూసే ఐయానా సంస్థ గొడుగు కింద ఉంది. ఆండ్రాయిడ్ ఫోను, ఐఫోను, లినక్స్ సర్వరు, జావా భాషలో రాసిన ప్రోగ్రాములు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు అన్నీ వేళ తెలుసుకోవడానికి తిరగేసేది దీన్నే. దీనికి ధర లేదు, లైసెన్సు షరతులు దాదాపుగా లేవు. ఉచితంగా దొరికేదానికి సమీక్ష ఏమిటని మా ఆఫీసులో ఒకరు అడిగారు. ఉచితమైన సరుకే అయినా అందులోని ఒక వరస మా ఆఫీసులో ఒక పెద్దాయన చేత రెండు గంటలు కుర్చీలో పడిగాపులు కాయించింది కాబట్టి, దాని మంచిచెడ్డలు రాయడం న్యాయమే అనుకుంటున్నాను.

ముందు మన వరస సంగతి. భారతదేశమంతటికీ ఇందులో ఒకే పేరు ఉంది, అది ఆసియా/కోల్‌కతా. ఫోనులో హైదరాబాదుకో విజయవాడకో బదులు కోల్‌కతా అని కనబడితే చాలామంది తికమక పడతారు. ఒకే వేళ పాటించే కాలమండలానికి (టైమ్ జోన్‌కు) అందులోని పెద్ద నగరం పేరు పెట్టడం వీరి పద్ధతి, అంతే. పాత పేరు ఆసియా/కలకత్తా కూడా మారుపేరుగా బతికే ఉంది, కొన్ని బ్రౌజర్లు నేటికీ అదే అప్పజెబుతాయి. ఆ పేరు కింద 8 వరసలు ఉన్నాయి. మొదటిది కోల్‌కతా స్థానిక వేళ, గ్రీనిచ్ కన్నా 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు ముందు, 1854 జూన్ 28 వరకు. తరువాత 8 సెకన్ల తేడాతో మరొకటి, 1870 వరకు. ఆపైన మద్రాసు వేళ, 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు, 1906 జనవరి 1 వరకు. అక్కడి నుంచి మనకు తెలిసిన అయిదున్నర. 1941 అక్టోబరులో దానికి ఒక గంట చేరి ఆరున్నర అవుతుంది. 1942 మే 15న ఆ గంట పోతుంది. సెప్టెంబరులో మళ్లీ చేరుతుంది. 1945 అక్టోబరు 15న శాశ్వతంగా వెళ్లిపోతుంది. ఎనిమిదో వరస అయిదున్నర అని మాత్రమే చెప్పి, ముగింపు తేదీ లేకుండా ఆగిపోతుంది.

మా పెద్దాయన తేదీ జారిపోయిన చోటు అదే. పుట్టినతేదీని వట్టి తేదీగా దాచుకోకుండా, ఎవరో పూర్వీకుడు 1943 జూలై 1 అర్ధరాత్రి 00:00 అన్న క్షణంగా మార్చి దాచాడు. తేదీ నమోదు చేసే తెర చరిత్ర తెలిసిన డేటాబేసును చూసి, ఆ రోజుల్లో తేడా ఆరున్నర గంటలు కాబట్టి గ్రీనిచ్ లెక్కన జూన్ 30 సాయంత్రం 5:30 అని రాసిపెట్టింది. నివేదిక అచ్చువేసే రెండో ప్రోగ్రాం చరిత్ర తెలియనిది. భారతదేశం అంటే ఎప్పుడైనా అయిదున్నరే కదా అనుకుని అదే కలిపింది. వచ్చిన జవాబు జూన్ 30 రాత్రి 11 గంటలు. తేదీ మాత్రమే అచ్చయింది కాబట్టి గంట సంగతి ఎవరికీ కనబడలేదు. దోషం డేటాబేసుది కాదు, మాది. చరిత్ర తెలిసినవాడినీ తెలియనివాడినీ ఒకే లెక్కలో కూర్చోబెట్టాము. కానీ ఈ గొడవ వల్లనే, మన దేశంలోనూ ఒకప్పుడు డేలైట్ సేవింగ్, అంటే పగటి వెలుగు కలిసివచ్చేలా గడియారాన్ని గంట ముందుకు జరపడం, ఉండేదన్న సంగతి మా ఆఫీసులో సగం మందికి తెలిసింది.

నిజానికి తెలుగువారిలో ఈ సంగతి ఏనాడూ మరచిపోనివారు ఒకరున్నారు. జాతకం వేసే పంతులుగారిని అడగండి: 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 లోపు పుట్టినవారి జననకాలంలో ఒక గంట తీసివేయాలని తడుముకోకుండా చెబుతారు. యుద్ధకాలపు గంట అంటారు దాన్ని. మా పెద్దాయన దగ్గర పాత జాతకం కాగితం ఒకటి ఉంది, పుట్టిన వేళ పక్కనే చిన్న అక్షరాలతో "యుద్ధ టైము, 1 గం. తగ్గించినది" అని రాసి ఉంది. అందులో మాసం కార్తీకం, అంటే జూలై 1 అన్నది బడి పుట్టుక మాత్రమే అన్నమాట. మా సర్వరుకు తెలియని విషయం నాలుగు మడతల కాగితానికి తెలిసి ఉండటం నాకు కొంచెం సిగ్గనిపించింది.

ఇక డేటాబేసు మీద నా మొదటి ఫిర్యాదు ఇక్కడే పుడుతుంది. జ్యోతిష్కులు తీసివేసే గంట 1942 సెప్టెంబరులో మొదలవుతుంటే, డేటాబేసులో 1941 అక్టోబరు నుంచి 1942 మే వరకు మరో ముక్క అదనంగా ఉంది. ఆ ముక్క కోల్‌కతా పేరు మీద ఉన్న వరసలోది. ఒక దేశానికంతటికీ ఒక నగరం పేరున చరిత్ర రాస్తే, ఆ నగరానిదైన సంగతి బెజవాడకూ బళ్లారికీ కూడా అంటుకుంటుంది. దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా అదే వరసల్లో ఉంది. 1870 నుంచి 1906 వరకు కోల్‌కతా పేరు కింద మద్రాసు వేళ రాసి ఉంది. అది రైళ్లూ తంతి కార్యాలయాలూ పాటించిన వేళ. కోల్‌కతా నగరమేమో తన సొంత వేళను 1948 దాకా వదలలేదు, బొంబాయి తనదాన్ని 1955 దాకా వదలలేదు. అంటే ఆ 36 ఏళ్లకు ఈ వరస కోల్‌కతా కన్నా మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకే బాగా అతుకుతుంది. 1890లో బెజవాడ స్టేషనులో రైలెక్కినవారికి ఈ లెక్క సరిపోతుంది, అదే రోజు కోల్‌కతాలో ఆఫీసుకు వెళ్లినవారికి సరిపోదు.

ఇంతకన్నా లోతుకు వెళితే, పల్లెల్లో అప్పట్లో గడియారమే లేదు, పొద్దును బట్టి నడిచేవారు. మన ప్రామాణిక వేళకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం తునికి చేరువగా పోతుంది. విశాఖలో పొద్దు దానికి సుమారు మూడు నిమిషాలు ముందు, బెజవాడలో ఏడు నిమిషాల పైచిలుకు వెనక. ఈ తేడాలను ఏ డేటాబేసూ ఊరూరికీ రాయలేదు, రాయమని అడగడం కూడా అత్యాశే.

ఈ సరుకు తయారీదారుల మీద నాకు గౌరవం కలిగించింది ఒక్క విషయం: ఇది సాధికార రికార్డు కాదనీ, ఇందులో తప్పులు తప్పకుండా ఉన్నాయనీ, 1970కి ముందు సంగతుల్లో చాలా భాగం అసంపూర్ణమనీ, కొన్ని ఊహలనీ వారు తమ వివరణ పత్రంలో తామే రాసుకున్నారు. ఒక్కో దేశపు వరసల పైన ఆ సంగతి ఎవరు, ఏ తేదీన, ఏ ఆధారంతో చెప్పారో వ్యాఖ్యలుగా ఉంటుంది. కొన్ని దేశాలకు వరసలు పది ఉంటే వ్యాఖ్యలు వంద. పాత తాళపత్రం అంచున లేఖకులు రాసిన సందేహాలు చదువుతున్నట్టుంటుంది. అంకెల కోసం వెళ్లిన నేను ఆ వ్యాఖ్యల కోసం రెండు రాత్రులు మేలుకున్నాను.

దిద్దుబాటు ఎంత సూక్ష్మంగా జరుగుతుందో జపాను ఉదాహరణ చెబుతుంది. యుద్ధం తరువాత అమెరికా ఆక్రమణలో ఉన్నప్పుడు, 1948 నుంచి 1951 వరకు నాలుగు వేసవులు జపానులో డేలైట్ సేవింగ్ ఉండేది. ఆ మార్పు తెల్లవారుజామున 2 గంటలకు జరిగినట్టు డేటాబేసులో చాలాకాలం రాసి ఉంది. అమెరికా అలవాటు అది, ఎవరో అదే అనుకుని రాసి ఉంటారు. 2018లో దాన్ని దిద్దారు. ఇప్పుడు సెప్టెంబరు వరసలో ఎడమ నుంచి కుడికి చదివితే ఇలా ఉంటుంది: జపాన్, 1948 నుంచి 1951 వరకు, సెప్టెంబరు, 8వ తేదీన గానీ ఆ తరువాత గానీ వచ్చే తొలి శనివారం, 25:00 గంటలకు, సున్నా. 25 గంటలు అన్నది అచ్చుతప్పు కాదు. వేసవి వేళ ముగిసే శనివారాన్ని 25 గంటల రోజుగా లెక్క కట్టడం వల్ల అలా వచ్చింది. గడియారంలో ఆదివారం ఒంటిగంట అయినా అదే క్షణం, కానీ ఆ గంట శనివారం ఖాతాలోది.

చూడముచ్చటైన దిద్దుబాటే, కానీ దిగువన ఉన్నవారికి తలనొప్పి తెచ్చింది. అప్పటి జావా 25 అన్న గంటను చదవలేదు. అలాంటి పాత పాఠకుల కోసం, శనివారం 25:00 అన్నదాన్ని ఆదివారం 1:00 అని తిరగరాసి ఇచ్చే వేరే రూపం ఒకటి వీరే విడుదల చేయవలసి వచ్చింది. దాదాపు అదే కాలంలో ఐర్లండు వరసను కూడా మార్చారు. అక్కడి చట్టం ప్రకారం వేసవి వేళే ప్రామాణికం, శీతాకాలంలోనే గంట తగ్గిస్తారు. కాబట్టి డేలైట్ సేవింగ్ విలువ మైనస్ ఒకటి అవుతుంది. పొదుపు మైనస్‌లో ఉండవచ్చునని ఊహించని ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. చట్టానికి అక్షరాలా కట్టుబడటం మంచిదే అయినా, గోడ మీద గడియారం ఒక్క సెకను కూడా మారని దిద్దుబాటుకు ఇంతమందిని పరుగులు పెట్టించడం అవసరమా అన్నది నాకు ఇప్పటికీ తేలని ప్రశ్న.

షాంఘై సంగతి ప్రోగ్రామర్లలో చాలామందికి తెలిసినదే. 1927 డిసెంబరు 31 రాత్రి రెండు వరుస సెకన్లను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే 1 రావలసిన చోట 353 వస్తోందని ఒకరు అడిగిన ప్రశ్న ఎంతో పేరుపొందింది. ఆ రాత్రి షాంఘై గడియారాలను 5 నిమిషాల 52 సెకన్లు వెనక్కి తిప్పారన్నది అప్పటి డేటాబేసు చెప్పిన కారణం. ఆ జవాబును లక్షలమంది చదివారు. తరువాత 2014లో ఆ వరసే మారింది: మార్పు జరిగింది 1927లో కాదు, 1901 జనవరి 1న, తేడా కూడా 5 నిమిషాల 43 సెకన్లే. ఇప్పుడు అదే ప్రోగ్రాం నడిపితే 1927లో ఏ వింతా జరగదు. ఒక పాఠ్యాంశంలాగా మారిపోయిన ఉదాహరణను కూడా, మెరుగైన ఆధారం దొరికితే మొహమాటం లేకుండా చెరిపేశారు. ఇలాంటి చోట పేరుకు తలవంచని తీరు నాకు నచ్చింది.

చిన్న దిద్దుబాట్లు దాదాపు ప్రతి కూర్పులోనూ ఉంటాయి. కూర్పులకు సంవత్సరం పక్కన ఇంగ్లీషు అక్షరం చేర్చి పేరు పెడతారు. 2024ఎ కూర్పులో టొరంటో నగరపు 1947, 1948, 1949 మార్పులు అర్ధరాత్రి కాదు, 02:00 గంటలకు జరిగాయని దిద్దారు. 2024బిలో మెక్సికో, మంగోలియా, పోర్చుగల్ చరిత్రలను మెరుగుపరిచారు. 2025ఎలో ఫిలిప్పీన్స్ 1991కి ముందు సంగతులు, 2025బిలో ఇరాన్ 1978 నవంబరు 10న వేళ మార్చుకున్న సంగతి వచ్చాయి. టొరంటో దిద్దుబాటు ఎవరికి పనికొస్తుందని అనిపించవచ్చు. 1948లో ఆ మార్పు జరిగిన ఆదివారం తెల్లవారుజామున 12:30కి అక్కడ ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. పాత వరస ప్రకారం ఆ బిడ్డ పుట్టిన క్షణం ఒక గంట తప్పు. ఆసుపత్రి రికార్డునో జాతకాన్నో కంప్యూటరులోకి ఎక్కించేవారికి ఆ ఒక్క గంటే మొత్తం వ్యవహారం.

జాతకాల మాట ఊరికే తేలేదు. ఈ డేటాబేసులోని పాత సంగతులకు పెద్ద వనరు థామస్ షాంక్స్ కూర్చిన అట్లాసులు. వాటిని కొనుక్కునేవారిలో ముఖ్యులు పాశ్చాత్య జ్యోతిష్కులు. పుట్టిన ఊరికీ తేదీకీ గ్రీనిచ్ వేళతో ఎంత తేడానో తెలియనిదే లగ్నం కట్టలేరు కాబట్టి, ప్రభుత్వాలు పట్టించుకోని రోజుల్లో కూడా ఆ లెక్కలు సేకరించి అచ్చువేసుకున్నది వారే. అయితే షాంక్స్ తన ఆధారాలను ఎక్కడా చూపలేదు, కనుక డేటాబేసులోని వ్యాఖ్యల్లో ఆయన అంకెల మీద అపనమ్మకం అడుగడుగునా కనబడుతుంది. 2011లో ఆ అట్లాసు హక్కులు తమవంటూ ఆస్ట్రోలాబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ అమెరికాలో దావా వేయడంతో కొద్దిరోజులు ఈ డేటాబేసు ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయింది. వెంటనే ఐయానా బాధ్యత తీసుకుంది. 2012లో కంపెనీ దావాను వెనక్కి తీసుకుంది. గడియారం ఎప్పుడు మారిందన్నది చరిత్రలో జరిగిన సంగతి, దాని మీద ఎవరికీ హక్కు ఉండదన్న వాదనే నిలబడింది. మా ప్రోగ్రాం తప్పును జాతకం కాగితం పట్టించిన తరువాత ఈ చరిత్ర చదివి, నాకు ఆశ్చర్యం కలగలేదు.

నా అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ సరుకు 1970 జనవరి 1ని గీతగా పెట్టుకుంది. ఆ తేదీ తరువాత రెండు ఊళ్ల గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడిస్తే వాటిని ఒక్కటిగా చూడవచ్చన్నది నియమం. యూనిక్స్ కంప్యూటర్లు సెకన్లను లెక్కపెట్టడం మొదలయ్యే తేదీ అది, అంతకుమించి ఏ దేశ చరిత్రలోనూ దానికి ప్రత్యేకత లేదు. ఆ క్షణాన లండను గడియారంలో కూడా సున్నా గంట కాదు, ఒంటిగంట. బ్రిటను 1968 అక్టోబరు నుంచి 1971 అక్టోబరు వరకు ఏడాది పొడుగునా గంట ముందే ఉండేది. ఈ నియమాన్ని పట్టుకుని 2022లో ఓస్లో, స్టాక్‌హోమ్, కోపెన్‌హేగన్‌లను బెర్లిన్‌కూ, ఆమ్‌స్టర్‌డామ్‌ను బ్రసెల్స్‌కూ, ఐస్‌లండు రాజధాని రేక్యావిక్‌ను ఆఫ్రికాలోని అబిజాన్‌కూ మారుపేర్లుగా మార్చేశారు.

దీని ఫలితం ఏమిటో చూడండి. నార్వేలో 1959 నుంచి 1965 వరకు వేసవి వేళ ఉండేది. జర్మనీలో 1950 నుంచి 1979 వరకు అసలు లేదు. కాబట్టి మామూలుగా తయారుచేసుకున్న డేటాబేసును 1962 జూలైలో ఓస్లోలో మధ్యాహ్నం ఎప్పుడని అడిగితే, అది బెర్లిన్ లెక్క చెబుతుంది, గంట తప్పుతుంది. ఇది తెలియక జరిగిన తప్పు కాదు. అంతకుముందు సరిగ్గా ఉన్న జవాబును పక్కకు పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ 1940 మే వరకు గ్రీనిచ్ కన్నా దాదాపు 20 నిమిషాలు ముందు నడిచేది. 1937 వరకు అయితే 19 నిమిషాల 32 సెకన్లు. ఆ అందమైన విడ్డూరం కూడా మామూలు కూర్పులో ఇప్పుడు లేదు. తీసేసినవన్నీ బ్యాక్‌జోన్ అనే ఫైలులో భద్రంగానే ఉన్నాయి. తయారుచేసేటప్పుడు ప్యాక్‌ర్యాట్ అన్న ఎంపిక పెట్టుకుంటే తిరిగి వస్తాయి. అటక మీద దాచిన పాత గిన్నెలను దింపుకున్నట్టే, ఉన్నాయని తెలిసినవాడికే దొరుకుతాయి.

నిర్వాహకుల వైపు వాదన లేకపోలేదు. ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు ఇలాంటి విలీనం ఏనాడో జరిగిపోయిందనీ, యూరపు దేశాలకు మాత్రమే మినహాయింపు ఇవ్వడం సమానత్వం కాదనీ వారు చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ సమానత్వాన్ని రెండు విధాలుగా సాధించవచ్చు: అందరి చరిత్రా ఉంచవచ్చు, లేదా అందరిదీ తీసేయవచ్చు. వీరు రెండోదాన్ని ఎంచుకున్నారు. ఈ నిర్ణయం నచ్చక, జావాకు తేదీల లైబ్రరీ తయారుచేసిన జోడా బృందం గ్లోబల్-టీజెడ్ పేరుతో పాత పద్ధతిలో వేరే కూర్పు నడుపుతోంది. 1970కి ముందు పుట్టినవారి రికార్డులతో పనిచేసేవారు, తమ సర్వరులో ఏ పద్ధతిలో తయారైన డేటాబేసు ఉందో ముందే చూసుకోవాలి. లినక్స్ వాడేవారు జెడ్‌డంప్ అనే చిన్న ఆదేశానికి సంవత్సరాలూ ఊరి పేరూ ఇస్తే, ఆ కాలంలో జరిగిన ప్రతి మార్పునూ అది జంట వరసలుగా చూపుతుంది: మార్పుకు ఒక సెకను ముందు గడియారం ఏం చెప్పింది, మార్పు క్షణాన ఏం చెప్పింది.

మా కోల్‌కతా వరసకు 1941 నుంచి 1946 వరకు అడిగి చూశాను. చివరి జంట 1945 అక్టోబరు 14 ఆదివారం రాత్రిది. గడియారం 11:59:59 దాకా వెళ్లి, 12 కొట్టవలసిన చోట మళ్లీ 11:00:00 అయింది. ఆ రాత్రి 11 నుంచి 12 వరకు గంట రెండుసార్లు నడిచింది. 11:30కి పుట్టిన బిడ్డ మొదటి 11:30కి పుట్టిందా, రెండో దానికా అన్నది మంత్రసాని చెప్పవలసిందే తప్ప, ఏ డేటాబేసూ చెప్పలేదు.

ఇతర సరుకులతో పోల్చి చూస్తే, విండోస్‌లో సహజంగా ఉండే కాలమండలాల పట్టికలో భారతదేశానికి యుద్ధకాలం అనే ఊసే లేదు. అయిదున్నర ఎప్పుడూ అయిదున్నరే. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్టు భాష కూడా 2015 వరకు నేటి నియమాలనే గతమంతటికీ అన్వయించాలని చెప్పేది, తరువాతే చరిత్రను చూడమని నియమం మారింది. మా ఆఫీసులోని రెండు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి కొట్టుకోవడానికి మూలం ఆ మార్పే. గతం గురించి రాసిన సంగతి ఎక్కడిది, ఎవరు చెప్పారు అని అడిగితే జవాబు చెప్పగలిగినది నాకు తెలిసి టీజెడ్ ఒక్కటే. ఇటీవలి సంగతులకు అయిదుకు అయిదు మార్కులు ఇస్తాను. 1970కి ముందు సంగతులకు, వ్యాఖ్యలు చదివే ఓపిక ఉన్నవారికి నాలుగు, లేనివారికి రెండున్నర.

దిద్దుబాటు పంపే పద్ధతి కష్టమైనది కాదు. ఏ వరస తప్పో, సరైనది ఏదో, దానికి ఆధారం ఏమిటో రాసి పంపాలి. గెజిట్ ప్రతి, ఆనాటి పత్రికలో ప్రకటన, రైల్వే నోటీసు ఉంటే విలువ. మా తాతగారు చెప్పారన్నది వ్యాఖ్యగా నిలుస్తుందేమో గానీ వరసను కదిలించదు. ఆధారం బాగుంటే అంగీకరించడంలో పిసినారితనం లేదు, పంపినవారి పేరు కూడా రాస్తారు. నాకు కావలసినది 1941 అక్టోబరుకూ 1942 మేకూ నడుమ మద్రాసు ప్రెసిడెన్సీలో గడియారాలు కదలలేదని చెప్పే కాగితం. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ పాత సంపుటాలు తిరగేయడానికి ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలని సెలవు పెట్టుకున్నాను. గంట కదిలిందని చెప్పే ప్రకటన కనబడుతుంది. కదలలేదని ఎవరూ ప్రకటన వేయరు, కనుక వెతకవలసింది ఆ నెలల్లోని రైల్వే నోటీసుల్లో, కోర్టు వేళల్లో, సూర్యోదయ పట్టికల్లో.

ఈలోగా మా ప్రోగ్రాంలో పుట్టినతేదీని గంటా కాలమండలమూ లేని వట్టి తేదీగా మార్చేశాము. పెద్దాయన కాగితం ఆ వారమే ఆమోదం పొందింది. తెర మీద మళ్లీ జూలై 1, 1943 వచ్చింది. పంతులుగారు వేసిన తేదీయే.